సంఘం పుట్టినరోజు ఏది? ఒడిశా సరిహద్దు తెలుగు బాప్టిస్టుల చరిత్ర

పర్లాకిమిడి దాటి పాతపట్నం వైపు వెళ్తుంటే రాష్ట్రం మారిన సంగతి దుకాణాల బోర్డులు చెబుతాయి. ఇటు ఒరియా అక్షరాలు, అటు తెలుగు అక్షరాలు. జనం మాటలో మాత్రం ఆ గీత తగలదు. కూరగాయల బేరం, పెళ్లి కబురు, చావు కబురు అన్నీ తెలుగులోనే అటూ ఇటూ తిరుగుతుంటాయి. ఆదివారం ఉదయం బైబిలూ కీర్తనల పుస్తకమూ చంకలో పెట్టుకుని చర్చికి వెళ్లే ఆడవాళ్లదీ అదే దారి. ఓటు ఒడిశాలో, పుట్టిల్లు ఆంధ్రాలో, ప్రార్థన తెలుగులో ఉన్నవాళ్లు ఇక్కడ ప్రతి వీధిలోనూ ఉంటారు.

గజపతి, గంజాం జిల్లాల్లో ఇలాంటి ఒక తెలుగు బాప్టిస్టు సంఘం చరిత్ర రాద్దామని ఎవరైనా కూర్చుంటే మొదట ఎదురయ్యే చిక్కు తేదీ దగ్గరే. సంఘం ఎప్పుడు పుట్టింది? జూబ్లీ సంచికల్లో ఈ ప్రశ్నకు జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే. మిషనరీ దొరగారు ఊళ్లో దిగిన రోజే సంఘం పుట్టినరోజు. మొదటి పేజీలో ఆయన ఫొటో, పక్కన దొరసానిగారు. ఆ తర్వాత కాపరుల (పాస్టర్ల) జాబితా, వాళ్లు పనిచేసిన సంవత్సరాలు, గుడి గోడలు లేచిన ఏడాది, రేకులు మార్చిన ఏడాది, మైకు సెట్టు ఇచ్చినవారి పేర్లు. ఇదంతా నిజమే, అవసరమే. కానీ ఇందులో సంఘం కనిపించదు.

బాప్టిస్టుల నమ్మకం ప్రకారం చూసినా ఇది తలకిందులు లెక్క. పైనుంచి బిషప్పు నడిపించే పద్ధతి బాప్టిస్టుల్లో లేదు. నమ్మి, తన నోటితో ఒప్పుకుని, నీటిలో మునిగి బాప్తిస్మం పొందిన మనుషులు నలుగురు ఒకచోట కూడితే అదే సంఘం. కాపరిని పిలుచుకునేది వాళ్లే, బల్లారాధనకు, అంటే ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనకు, ఎవరు తగినవారో మాట్లాడుకునేదీ వాళ్లే. అలాంటి సంఘం చరిత్రను దొరగారి ఓడ రేవుకు చేరిన రోజుతో మొదలుపెడితే, సంఘం అనే మాటకే అర్థం పోతుంది. సరిహద్దులో అయితే ఈ పొరపాటు ఇంకా పెద్దది. ఇక్కడ తెలుగు బాప్టిస్టుల కథ మిషన్ స్టేషన్ కంటే చాలా ముందే మొదలైంది.

జనరల్ బాప్టిస్టు మిషన్ తరఫున విలియం బాంప్టన్, జేమ్స్ పెగ్స్ అనే ఇద్దరు ఇంగ్లండు నుంచి 1822లో కటక్ చేరారు. వాళ్లు వచ్చింది ఒరియా ప్రజల కోసం. జగన్నాథ రథయాత్రకు వచ్చే లక్షల జనం వాళ్ల చూపంతా నింపేసింది. ఏళ్లు గడిచాయి గానీ ఒక్కరూ బాప్తిస్మానికి ముందుకు రాలేదు. చివరికి 1827 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున, బరంపురంలో బాంప్టన్ చేతుల మీదుగా బాప్తిస్మం పొందిన మొదటి మనిషి తెలుగువాడు. మిషన్ రాతల్లో ఆయన పేరు ఎరున్ అని ఉంది. ఇంగ్లిష్ చెవికి వినిపించినట్టు రాసుకున్న పేరు అది. ఎర్రన్న అన్న పేరు ఉత్తరాంధ్రలో ఇప్పటికీ ఊరికి ఒకటైనా ఉంటుంది కాబట్టి అసలు పిలుపు అదే అయ్యుండొచ్చు.

మూడు నెలలకు, 1828 మార్చిలో, గంగాధర్ సారంగి అనే బ్రాహ్మణుడు కటక్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఒరియా క్రైస్తవుల చరిత్ర ఆయనతో మొదలవుతుంది. అది న్యాయమే, ఒరియా వాళ్లలో మొదటివాడు ఆయనే. కానీ మధ్యలో ఎరున్ ఎవరికీ కాకుండా పోయాడు. తెలుగువాడు గనుక ఒరియా చరిత్రలో ఆయన ఒక వాక్యంతో సరి. బరంపురం ఇవాళ ఆంధ్ర పటంలో లేదు గనుక తెలుగు క్రైస్తవ చరిత్రలో ఆ వాక్యం కూడా లేదు. తెలుగు బాప్టిస్టులు అనగానే అందరికీ నెల్లూరు, ఒంగోలు, కాకినాడ గుర్తొస్తాయి. బరంపురం గుర్తురాదు. సరిహద్దు మనుషులకు జరిగే అన్యాయం ఇలాగే ఉంటుంది. ఎవరూ కావాలని చెరిపేయరు. రెండు పుస్తకాలు రాసేవాళ్లూ అవతలి పుస్తకంలో ఉంటుందిలే అనుకుంటారు.

రెండో మొదలు పర్లాకిమిడి దగ్గరే ఉంది. మదనాపురంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరిది తెలుగు ఇంటి భాషగా లేని బ్రాహ్మణ కుటుంబం. క్రీస్తు బోధ విని, ఎన్నో చోట్ల తిరిగి, ఎందరితోనో మాట్లాడి, చివరికి 1833లో కటక్ వెళ్లి బాప్టిస్టుల దగ్గర బాప్తిస్మం పొందాడు. ఇల్లు, కులం, ఊరు అన్నీ దూరమయ్యాయి. 1890లో కన్నుమూసేవరకు ఆయన చేసిన పని బోధ ఒక్కటే కాదు. కులాచారాలను ప్రశ్నిస్తూ రాశాడు. అన్నిటికంటే ముఖ్యంగా తెలుగులో కీర్తనలు కట్టాడు. ఇవాళ ఏ శాఖకు చెందిన తెలుగు చర్చిలోనైనా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ఆయన పాటలు ఎదురవుతాయి. పాట మీద రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. ఇంగ్లిష్ హిమ్ రాగాలకు తెలుగు మాటలు కుక్కిన పాటలు కావు అవి. ఈ నేల మీద హరికథలో, భజనలో, కచేరీలో విన్న బాణీలకే కొత్త భక్తిని ఎత్తుకున్న పాటలు.

ఒడిశా సరిహద్దు ఊళ్లో పుట్టి, ఒరియా నగరంలో బాప్తిస్మం తీసుకుని, తెలుగు జాతి మొత్తానికి పాట ఇచ్చిన మనిషి ఆయన. లూథరన్లు పాడతారు, సి.ఎస్.ఐ. వాళ్లు పాడతారు, పెంతెకోస్తు సంఘాల్లో కూడా వినిపిస్తాయి. పాడేవాళ్లలో ఎక్కువమందికి ఆయన ఊరు ఎక్కడో తెలియదు. పర్లాకిమిడి సంఘాల జూబ్లీ సంచికల్లో మొదటి ఫొటో ఎవరిది ఉండాలి అన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు దొరకదు.

ఇక మూడో సంగతి చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. ఒంగోలు ఉద్యమానికి కూడా మూలం ఒడిశా వైపే ఉంది. కటక్‌లో పనిచేసిన ఆమోస్ సటన్ 1830ల్లో అమెరికా వెళ్లి, 1835లో అక్కడి బాప్టిస్టుల పెద్ద సభలో మాట్లాడుతూ తెలుగు ప్రజల కోసం పని మొదలుపెట్టమని అడిగాడు. బరంపురం వైపు తిరిగినవారికి దక్షిణాన విస్తరించిన తెలుగు దేశం ఎంత పెద్దదో తెలుసు, తమ మిషన్‌కు అంత శక్తి లేదనీ తెలుసు. ఆ పిలుపు మీదే అమెరికన్ బాప్టిస్టులు శామ్యూల్ డేను పంపారు. ఆయన 1836లో విశాఖపట్నం చేరి, కొంతకాలం శ్రీకాకుళంలో ఉండి, మద్రాసు మీదుగా 1840లో నెల్లూరు వెళ్లి స్థిరపడ్డాడు. ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. గుండ్లకమ్మలో మునిగిన ఆ జనం వెనుక, నలభై ఏళ్ల ముందు ఒడిశాలో పనిచేసిన ఒక మనిషి తెలుగువాళ్ల కోసం చేసిన విన్నపం ఉంది.

ఇన్ని మొదళ్ల తర్వాత గానీ కెనడా బాప్టిస్టులు రాలేదు. అది కూడా ఒక తెలుగువాడు పిలిస్తేనే వచ్చారు. కాకినాడలో టెలిగ్రాఫ్ శాఖలో పనిచేసిన థామస్ గాబ్రియేల్ ఉద్యోగం వదిలి సొంతంగా ఒక మిషన్ నడిపాడు. అప్పులు పెరిగి, ఒంటరిగా మోయలేక సాయం కోరితే 1874 మార్చిలో జాన్ మెక్‌లారిన్ కాకినాడ చేరాడు. అదే సమయంలో కెనడా తూర్పు తీరం నుంచి బయల్దేరిన ఇంకో బృందం కరెన్ అనే తెగ జనం కోసం సయాం (నేటి థాయిలాండ్) వెళ్లి, అక్కడ అనుకున్నంత పని లేదని తేల్చుకుని, 1875లో తెలుగు దేశానికి మారింది. వాళ్లకు ఉత్తర భాగం వచ్చింది. భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరం, పాలకొండ, టెక్కలి, పర్లాకిమిడి ఇలా వాళ్ల కేంద్రాలయ్యాయి. ఈ పని వెనుక డబ్బు పోగు చేసినవాళ్లలో ఆడవాళ్ల పాత్ర పెద్దది. హన్నా మరియా నోరిస్ 1870లో నోవా స్కోషియాలోని కాన్సోలో మొదలుపెట్టిన స్త్రీల సహాయ సంఘం లాంటివి ఊరూరా పుట్టి, పిడికిళ్లతో పోగుచేసిన చిల్లరతో ఈ తీరాన బళ్లు, ఆసుపత్రులు నిలబెట్టాయి.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. పర్లాకిమిడి తెలుగువాళ్లు బాప్టిస్టులు, జయపురం కోరాపుట్ వైపు తెలుగువాళ్లు లూథరన్లు ఎందుకయ్యారు? సిద్ధాంతం చదివి ఎవరూ ఎంచుకోలేదు. మిషన్లు నేలను పంచుకున్నాయి. ఒకరి పొలంలో ఇంకొకరు దున్నకూడదని ఒప్పందాలు చేసుకున్నాయి. జర్మనీలోని బ్రెక్లుం నుంచి 1882లో వచ్చిన లూథరన్లు జయపురం జమీ వైపు వెళ్లారు. గంజాం ఒరియా పని ఇంగ్లిష్ బాప్టిస్టులది, తెలుగు పని కెనడా వాళ్లది. కాబట్టి బరంపురం ప్రాంతంలో పక్కపక్క వీధుల్లోనే ఒరియా మండలి ఒకరి నీడలో, తెలుగు సంఘం ఇంకొకరి నీడలో పెరిగాయి. ఒరియా క్రైస్తవులు తమ కూటాన్ని మండలి అంటారు, తెలుగువాళ్లు సంఘం అంటారు. సరిహద్దు ఊళ్లలో ఒకే ఇంట్లో అత్తగారు మండలి అని, కోడలు సంఘం అని అనడం మామూలే. ఒకే బాప్తిస్మం, ఒకే బల్ల, రెండు మాటలు.

ఉత్తర భాగంలో పని నెమ్మదిగా సాగింది. ఒంగోలులో వేలల్లో వచ్చిన చోట ఇక్కడ పదుల్లో వచ్చారు. దీన్ని వైఫల్యంగా రాసిన మిషన్ ఉత్తరాలున్నాయి. కానీ స్థానిక సంఘం కోణం నుంచి చూస్తే నెమ్మదితనం ఒక లాభం కూడా. ఊళ్లకు ఊళ్లు ఒకేసారి మారిన చోట సంఘం కులంతో సమానమైపోయింది. ఇక్కడ ఒక ఇంటి నుంచి ఒకరు, ఒక వీధి నుంచి ఇద్దరు రావడంతో, వేర్వేరు కులాలవాళ్లు ఒకే చాప మీద కూర్చోవాల్సి వచ్చింది. అది తేలిగ్గా జరగలేదు, పూర్తిగా జరిగిందనీ చెప్పలేం. కానీ ప్రశ్న మాత్రం మొదటి రోజు నుంచే చాప మీద ఉంది.

ఇక సంఘం అసలు ఎక్కడ కనిపిస్తుందంటే రిజిస్టర్‌లో. పాత బాప్టిస్టు సంఘాల్లో సభ్యుల రిజిస్టర్ ఒకటి ఉంటుంది. అట్ట ఊడిపోయి, గుడ్డతో కుట్టి, కలరా ఉండలతో పాటు ఇనప పెట్టెలో పెట్టి ఉంటుంది. గీతలు గీసిన కాగితం, సిరా గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. వరస నంబరు, పేరు, తండ్రి లేక భర్త పేరు, గ్రామం, బాప్తిస్మం తేదీ, ఇచ్చినవారు, చివర రిమార్కులు. మిగతా గళ్లన్నీ గుమాస్తా పని. చరిత్ర ఉన్నదంతా ఆ చివరి గడిలోనే. ప్రభువునందు నిద్రించెను, పత్రం తీసుకొని వెళ్లెను, బల్లకు ఆపడమైనది, మరల చేర్చుకొనడమైనది, రంగం వెళ్లెను. రెండు మూడు మాటల్లో ఒక్కొక్క జీవితం.

బల్లకు ఆపడం అంటే శిక్ష. తాగుడు, తగాదా, విగ్రహాల ముందు పెళ్లి, ఇంకో పెళ్లి, ఇలాంటి కారణాలతో నెలకోసారి జరిగే ప్రభువు బల్లకు మనిషిని దూరం పెట్టేవాళ్లు. ఆ నిర్ణయం సంఘం అంతా కూర్చుని తీసుకోవాలి. ఈ గళ్లను వరసగా చదివితే ఒక తరం దేన్ని తప్పనుకుంది, దేన్ని చూసీచూడనట్టు వదిలేసింది, ఆడవాళ్ల మీద ఎంత కఠినంగా ఉంది, పెద్దింటి మగవాళ్ల మీద ఎంత మెత్తగా ఉంది అన్నీ బయటపడతాయి. మరల చేర్చుకొనడమైనది అన్న మాట కనబడిన చోట మాత్రం మనసు తేలికవుతుంది. ఎవరో ఒకరు ఆ మనిషి ఇంటికి వెళ్లి మాట్లాడి ఉంటారు. ఆ ఎవరో పేరు రిజిస్టర్‌లో ఉండదు.

రిజిస్టర్‌లో లేనివాళ్లలో మొదట చెప్పుకోవలసింది బైబిల్ స్త్రీలను. మగ బోధకులు అరుగు దాకానే వెళ్లగలిగిన కాలంలో, వంటింటి దాకా వెళ్లగలిగినవాళ్లు వీళ్లు. చాలామంది వితంతువులు. అక్షరాలు నేర్చుకుని, నెలకు కొద్దిపాటి జీతం మీద, ఊరూరా నడిచి, చదవడం రాని ఆడవాళ్లకు కథలు చెప్పి, పాట నేర్పి, జబ్బుపడ్డ పిల్లల్ని మిషన్ ఆసుపత్రికి పంపించారు. మిషనరీ ఉత్తరాల్లో వాళ్లు ఒక పేరుతో, ఇంటిపేరు లేకుండా, కొన్నిసార్లు మన బైబిల్ స్త్రీ అన్న మాటతో సరిపెట్టబడ్డారు. సంఘాన్ని నిలబెట్టింది వాళ్లే అనడం అతిశయోక్తి కాదు.

ఆ తర్వాత బియ్యం. గుప్పెడు బియ్యం కానుక సంగతి తెలుగు చర్చిల్లో పెరిగినవాళ్లందరికీ తెలుసు. పొద్దునా సాయంత్రం ఎసట్లో బియ్యం పోసేముందు ఇంటావిడ ఒక గుప్పెడు తీసి పక్కన డబ్బాలోనో, మూతి చిన్న కుండలోనో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం చర్చికి వస్తుంది. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు, లేదా కాపరి ఇంటికి పంపుతారు. చేతిలో నాణెం లేని ఇల్లు కూడా ఇవ్వగలిగిన కానుక ఇది. దొరల డబ్బు తగ్గిపోయాక కాపరి పొయ్యి ఆరిపోకుండా ఉన్నది దీనివల్లే. స్వయంపోషక సంఘం అని మిషన్ తీర్మానాల్లో పెద్ద మాట రాసుకున్నారు. ఆ మాట అన్నమైంది ఈ డబ్బాల్లోనే. కుటుంబం తినబోయే దానిలోంచి తీసిన గుప్పెడు అది. కరువు ఏడాదిలో ఆ గుప్పెడు చిన్నదయ్యేది, ఆగేది మాత్రం కాదు. 1866 నాటి నఅంక కరువులో ఒడిశా జనంలో సుమారు 10 లక్షల మంది పోయారు. బరంపురంలోనూ కటక్‌లోనూ బాప్టిస్టులు అనాథ పిల్లల కోసం ఇళ్లు తెరిచారు. కరువు జ్ఞాపకం ఉన్న నేల మీద గుప్పెడు బియ్యానికి ఉన్న బరువు వేరు.

రిమార్కుల గడిలో కనబడే రంగం అంటే రంగూన్. గంజాం, శ్రీకాకుళం తీరం నుంచి బర్మాకు కూలికి వెళ్లడం మూడు తరాల బతుకు. గోపాలపురం, కళింగపట్నం రేవుల్లో పడవ ఎక్కి వెళ్లినవాళ్లలో క్రైస్తవులూ ఉన్నారు. శ్రీకాకుళం వైపు పనిచేసిన ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు తర్వాత బర్మా వెళ్లి అక్కడి తెలుగు, తమిళ జనం మధ్య పనిచేయడం యాదృచ్ఛికం కాదు. సంఘమే అక్కడికి వెళ్లింది, కాపరి వెనకాల వెళ్లాడు. 1942లో జపాన్ దండయాత్రతో వేలాది తెలుగువాళ్లు కొండలు దాటి నడిచి తిరిగొచ్చారు. అందరూ రాలేదు. ఈ ప్రాంతపు ఏ సంఘం చరిత్రలోనైనా రంగం లేకపోతే ఆ చరిత్ర సగమే.

రేవు తర్వాత రైలు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చింది, 1931 నాటికి గుణుపురం వరకు వెళ్లింది. రాజావారు తన జమీ కోసం వేయించిన ఆ చిన్న పట్టాల మీద వార్షిక కూటాలకు వెళ్లే సంఘస్థులు, సామర్లకోట సెమినరీ నుంచి తిరిగొచ్చే బోధకులు, పెళ్లి సంబంధాలు చూడబోయే పెద్దలు ప్రయాణం చేశారు. టెక్కలి సంఘానికీ పర్లాకిమిడి సంఘానికీ చుట్టరికం కలిపింది ఆ రైలే.

1936 ఏప్రిల్ 1న గీత పడింది. ఒడిశా కొత్త రాష్ట్రమైంది. బరంపురం, పర్లాకిమిడి పట్టణం, కొండ ప్రాంతాలు అటు వెళ్లాయి. పర్లాకిమిడి జమీలో చాలా గ్రామాలు ఇటు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయాయి. పట్టణం ఒక రాష్ట్రంలో, దాని పొలాలు ఇంకో రాష్ట్రంలో. అదే ఏడాది గిడుగు రామమూర్తి పంతులు దశాబ్దాలు గడిపిన పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ నొప్పి గురించి తెలుగువాళ్లు చాలా రాసుకున్నారు. వెళ్లిపోలేనివాళ్ల సంగతి తక్కువ రాశారు.

వెళ్లిపోలేనివాళ్లకు ఏం మిగిలింది? కచేరీ భాష మారింది, బడి భాష మెల్లగా మారింది, ఉద్యోగానికి కావలసిన భాష మారింది. భాష మారకుండా ఉన్న చోట్లు కొన్నే. ఇల్లు, బజారు, గుడి. వాటిలోనూ ఇంటి భాషకు, బజారు భాషకు అక్షరంతో పని లేదు. అక్షరం ఉన్న తెలుగు, అంటే చదివి వినిపించే తెలుగు, నిలబడి పాడే తెలుగు, మినిట్స్ రాసే తెలుగు, వారానికి ఒకసారైనా తప్పనిసరిగా వినబడింది చర్చిలోనే. సరిహద్దులో హైందవ కుటుంబాలకు ఈ పని భాగవత పఠనం, భజన మందిరం చేశాయి. క్రైస్తవులకు బల్ల మీద ఉన్న బైబిల్ చేసింది. తెలుగు బడి మూతపడిన చోట సండే స్కూల్‌లో అ ఆలు నేర్చుకున్న పిల్లలు ఎక్కువే. సరిహద్దు తెలుగు భాషను కాపాడినవాళ్ల లెక్క తీస్తే అందులో ఈ సంఘాల పేర్లు రావాలి.

కొండ మీద సంగతి ఇంకో మలుపు. గజపతి జిల్లాలో సవర ఆదివాసులుండే కొండలు మొదట కెనడా వాళ్ల తెలుగు పనికి కొనసాగింపే. మిషనరీకి ముందు వచ్చిన భాష తెలుగు, కింద మైదానంలో ఉన్న సంఘం తెలుగు సంఘం. సెరంగోలో ఆసుపత్రి వెలిసింది. సవరలు మాత్రం తెలుగు సంఘానికి తోకగా ఉండిపోలేదు. తమ భాషలో ప్రార్థించారు, తమ భాషలో పుస్తకాలు తెచ్చుకున్నారు, తమ మండలుల సమ్మేళనం తామే నడుపుకున్నారు. సవర భాషకు లిపి ఏది అన్న ప్రశ్న మీద ఎన్ని దారులు! గిడుగు వారు తెలుగు అక్షరాల్లో రాశారు, మిషన్ వాళ్లు రోమన్ అక్షరాలు వాడారు, బళ్లలో ఒరియా లిపి వచ్చింది, 1936 జూన్‌లో మంగెయ్ గొమాంగో సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపినే తెచ్చాడు. 2011 జనగణనలో గజపతి జిల్లా జనాభా 5,77,817. అందులో దాదాపు 38 శాతం క్రైస్తవులు. వాళ్లలో అత్యధికులు కొండ మీది ఆదివాసులు. మొదట వచ్చిన తెలుగు సంఘం పట్టణంలో చిన్నదిగా ఉండిపోయింది, తర్వాత వచ్చిన కొండ సంఘం అడవిలా పెరిగింది.

ఈ తేడాకు భాష ఒక కారణం, చట్టం ఇంకో కారణం. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులకు రాలేదు. షెడ్యూల్డ్ తెగలకు ఈ మతం షరతు లేదు. కాబట్టి సవర క్రైస్తవుడు బాప్తిస్మం తీసుకున్నా సర్టిఫికెట్ పోదు. మైదానంలో దళిత కుటుంబానికి చెందిన తెలుగు క్రైస్తవుడికి పోతుంది. ఆంధ్రా వైపు దళిత క్రైస్తవులకు బీసీ-సీ అన్న వెనుకబడిన తరగతి కోటా, చిన్న ఆసరాగా ఉంది. ఒక మనిషికి చర్చి రిజిస్టర్‌లో ఒక పేరు, బడి రికార్డులో ఇంకో పేరు ఎందుకుంటుందో ఈ చట్టం చదివితే తెలుస్తుంది. దీన్ని దాపరికం అని తేలిగ్గా అనేవాళ్లు పిల్లాడి హాస్టల్ సీటు కోసం ఆ తండ్రి పడిన టెన్షన్ ఊహించుకోవాలి. దానికి తోడు ఒడిశాలో 1967 నాటి మత స్వేచ్ఛ చట్టం ఉంది, సుప్రీంకోర్టు 1977లో దాన్ని సమర్థించింది. మతం మార్పు కార్యక్రమం గురించి జిల్లా మేజిస్ట్రేటుకు ముందే తెలియజేయాలన్న నిబంధనలు వచ్చాయి. సంఘం పుస్తకంలో బాప్తిస్మం తేదీ రాసే చేయి ఆ తర్వాత జాగ్రత్తపడింది. పాత రిజిస్టర్ మాట్లాడినంత ధారాళంగా కొత్త రిజిస్టర్ మాట్లాడదు.

సంస్థల కథ క్లుప్తంగా చాలు. ఇంగ్లండులో జనరల్ బాప్టిస్టులు 1891లో పెద్ద బాప్టిస్టు మిషనరీ సొసైటీలో కలిశారు. వాళ్ల ఒరియా సంఘాల్లో చాలా భాగం 1970 నవంబరు 29న ఏర్పడిన చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియాలో చేరింది. కెనడా వాళ్ల తెలుగు సంఘాలు కాకినాడ కేంద్రంగా ఉన్న సి.బి.సి.ఎన్.సి. (ఉత్తర సర్కారుల బాప్టిస్టు సంఘాల సమ్మేళనం) గొడుగు కింద కొనసాగాయి. ఆస్తుల తగాదాలు, కోర్టు కేసులు అన్ని చోట్లా ఉన్నట్టే ఇక్కడా ఉన్నాయి. సరిహద్దు సంఘానికి మాత్రం ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. దాని పెద్ద ఆఫీసు ఇంకో రాష్ట్రంలో ఉంటుంది, దాని భూమి రికార్డు ఒరియాలో ఉంటుంది, దాని దస్తావేజు ఎప్పుడో మద్రాసు ప్రభుత్వం కింద ఇంగ్లిష్‌లో రాసి ఉంటుంది. ఒక కాంపౌండ్ గోడ కట్టాలన్నా మూడు భాషలు తెలిసిన మనిషి కావాలి.

ఇప్పటికైనా చేయగలిగిన పనులున్నాయి. రిజిస్టర్లను ఫోన్‌తోనైనా పేజీ పేజీ ఫొటో తీయడం, ఎనభై దాటిన ఆడవాళ్లను కూర్చోబెట్టి బైబిల్ స్త్రీల పేర్లు అడిగి రాసుకోవడం, సమాధుల తోటలో రాళ్ల మీది అక్షరాలు ఎండకు, వానకు పోకముందే నకలు తీయడం. రాళ్ల మీద చాలాచోట్ల పై వరస తెలుగు, కింద వరస ఇంగ్లిష్, కొత్త రాళ్ల మీద ఒరియా. ఒకే కుటుంబం మూడు తరాల్లో ఏ భాషలో చనిపోయిందో ఆ తోటలో నడిస్తే కనబడుతుంది.

గుడిలో మాత్రం ఇంకా తెలుగే వినబడుతోంది. ముందు వరసలో ముసలావిడ కీర్తనల పుస్తకం తెరవదు, అవసరం లేదు, నూరు పాటలు నోటికి వచ్చు. ఆమె పక్కన కూర్చున్న మనవరాలు ఒరియా మీడియంలో ఎనిమిదో తరగతి చదువుతోంది. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. ఆ పిల్ల ఒడిలో లాంగ్ నోట్‌బుక్ ఉంది. పురుషోత్తమ చౌదరి కీర్తన అందులో మొత్తం ఉంది, ప్రతి మాటా తెలుగే, ప్రతి అక్షరమూ గుండ్రటి ఒరియాది. నాయనమ్మ మెల్లగా చెబుతుంటే శనివారం రాత్రి కూర్చుని రాసుకుంది. పాట ఎత్తుకోగానే ఒకరు కళ్లు మూసుకుని, ఒకరు ఆ గీతల మీద వేలు జరుపుకుంటూ, ఇద్దరూ ఒకే రాగంలో పాడతారు.